వాడుకకు అందని పాత్ర: ప్రాచీన చైనా క్రతు మృణ్మయాలు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మట్టిపాత్ర మనిషి అవసరం నుంచి పుట్టింది. ధాన్యం నిలవ చేయడానికి, నీరు తేవడానికి, వండడానికి, వడ్డించడానికి తగినట్లుగా దాని ఆకారమూ మందమూ రూపొందాయి. ప్రాచీన చైనా సమాధుల్లో బయటపడిన మృణ్మయ పాత్రల్లో ఒక వర్గం మాత్రం ఈ సూత్రానికి లొంగదు. గట్టిగా పట్టుకుంటే విరిగేటంత పల్చని పానపాత్రలు, కడిగితే రంగు పోయే పళ్ళేలు, మోగని మట్టి గంటలు ఆ వర్గంలో కనిపిస్తాయి. వీటిని చేసినవారు చేతివాటం తెలియని కుమ్మరులు కారు. తమ కాలంలోని ఉత్తమమైన పనితనాన్ని వారు వీటిలో కొన్నింటిమీద వెచ్చించారు. నిత్యావసరానికి పనికిరాని పాత్రకోసం ఇంత శ్రమ ఎందుకు పడ్డారన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

ఈ ప్రశ్నకు ప్రాచీన చైనా గ్రంథాలే ఒక సమాధానం ఇచ్చాయి. మృతులతోపాటు ఉంచే వస్తువులు వాడదగినవిగా ఉండకూడదని ‘లీజీ’ అనే ఆచార గ్రంథం వివరిస్తుంది. ఆ వివరణ స్పష్టంగా, సుందరంగా ఉండడంవల్ల సమాధుల్లో దొరికిన ప్రతి నిరుపయోగ పాత్రకూ దానినే అన్వయించాలన్న ఆకర్షణ సహజంగా కలుగుతుంది. కాని పైన చెప్పిన పల్చని పానపాత్రలకూ ‘లీజీ’ సంకలనానికీ మధ్య సుమారు రెండు వేల సంవత్సరాల దూరం ఉంది. పురావస్తు సాక్ష్యాన్నీ గ్రంథ సాక్ష్యాన్నీ పక్కపక్కన ఉంచి, ఆ పాత్రల నిరుపయోగ లక్షణం అన్ని కాలాల్లోనూ ఒకే అర్థం కలిగి ఉందా అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లోంగ్‌షాన్ నల్ల పాత్రలు

చైనా పూర్వచరిత్ర అధ్యయనంలో మట్టి పెంకులకు మొదటినుంచీ పెద్ద స్థానం ఉంది. 1921లో స్వీడన్‌కు చెందిన జె.జి. ఆండర్సన్ హెనాన్ రాష్ట్రంలోని యాంగ్‌షావో గ్రామంలో రంగు బొమ్మల మట్టిపాత్రలను వెలికితీశాడు. వాటికీ పశ్చిమ, మధ్య ఆసియా ప్రాంతాల చిత్రిత పాత్రలకూ పోలికలు ఉన్నాయని భావించి, ఈ సంస్కృతి పడమటినుంచి వచ్చి ఉండవచ్చునని ఆయన ప్రతిపాదించాడు. ఏడేళ్ళ తరువాత, 1928లో, వూ జిన్‌డింగ్ అనే యువ పరిశోధకుడు తూర్పున షాన్‌డోంగ్ రాష్ట్రంలోని లోంగ్‌షాన్ పట్టణం దగ్గర చెంగ్‌జీయా దిబ్బలో నల్లగా నిగనిగలాడే పెంకులను గుర్తించాడు. 1930లో లీ చీ నాయకత్వాన, 1931లో లియాంగ్ సియోంగ్ నాయకత్వాన అక్కడ తవ్వకాలు జరిగాయి. నివేదిక 1934లో వెలువడింది. రంగు బొమ్మల పాత్రల సంప్రదాయానికి భిన్నమైన ఈ నల్ల పాత్రలు తూర్పు తీరంలో మరొక మూలం ఉందని సూచించాయి. అందువల్ల చైనా నాగరికత బయటినుంచి వచ్చిందా, అక్కడే పుట్టిందా అన్న నాటి వివాదంలో ఈ పెంకులు ప్రధాన సాక్ష్యంగా నిలిచాయి.

ఈ సంస్కృతికి లోంగ్‌షాన్ అనే పేరు స్థిరపడింది. దీని కాలం సుమారు క్రీ.పూ. 2600–1900. ఇందులో అత్యంత ప్రసిద్ధమైనది కాడగల పానపాత్ర. పైన వెడల్పుగా విచ్చుకున్న అంచు, దాని కింద సన్నని గిన్నె, ఆ గిన్నెను మోసే పొడవైన బోలు కాడ, చివర చిన్న పీఠం దీని భాగాలు. కొన్నింటి కాడమీద వరుసగా రంధ్రాలు చెక్కి ఉంటాయి. గోడ మందం 1 మిల్లీమీటరు కన్నా తక్కువ. కొన్ని పాత్రల్లో అది అంచు దగ్గర 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల వరకు పల్చబడింది. చాలా పాత్రల బరువు 100 గ్రాములకు లోపే. చైనా పండితులు దీనికి గుడ్డు పెంకు మృణ్మయం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. గుడ్డు పైపొరకూ పగిలిన కుండ ముక్కకూ పెంకు అనే ఒకే మాట ఉన్న తెలుగులో ఈ పేరు మరింత సహజంగా ఒదుగుతుంది.

ఇంత పల్చదనం సాధించడానికి మూడు దశల్లో నియంత్రణ అవసరం. మొదటిది మట్టి. ఇసుక రేణువు ఒకటి మిగిలినా అర మిల్లీమీటరు గోడలో అది రంధ్రంగా మారుతుంది. కాబట్టి మట్టిని నీటిలో కలిపి, పదే పదే తేర్చి, అతి మెత్తని ఒండ్రును మాత్రమే తీసుకోవాలి. రెండవది సారె. వేగంగా తిరిగే సారెపై పాత్రను ఎత్తి, కొంత ఆరిన తరువాత పదునైన పనిముట్టుతో గోడను ఇంకా పల్చగా చెక్కి, పైభాగానికి మెరుగు పెట్టాలి. మూడవది ఆవం. కాల్పు చివరి దశలో గాలి చొరకుండా మూసి పొగను లోపలే నిలిపితే బొగ్గుకణాలు మట్టిలోకి ఇంకి పాత్ర నల్లబడుతుంది. ఈ మూడింటిలో ఎక్కడ పొరపాటు జరిగినా పాత్ర దక్కదు. ఇంటి పనికి వాడే కుండలు చేసే కుమ్మరికి ఈ జాగ్రత్తల్లో సగం కూడా అవసరం ఉండవు.

ఇంత కష్టపడి చేసిన పాత్ర రోజువారీ వాడుకకు తగినది కాదు. అంచు వెడల్పు, పీఠం చిన్నది కావడంవల్ల బరువంతా పైన ఉండి సులభంగా ఒరిగిపోతుంది. వేడి తగిలినా, మరొక పాత్ర తాకినా పగులుతుంది. ఇవి ప్రధానంగా సమాధుల్లోనే దొరుకుతున్నాయి. అన్ని సమాధుల్లోనూ కాక, వస్తువులు ఎక్కువగా ఉన్న పెద్ద సమాధుల్లోనే ఎక్కువగా కనిపించడం గమనించదగిన విషయం. షాన్‌డోంగ్‌లోని లిన్‌ఛూ జిల్లా షీజూఫెంగ్‌లో ఒకదానిలో ఒకటి అమర్చిన కొయ్య పేటికలు గల పెద్ద సమాధులు బయటపడ్డాయి. ఈ పల్చని పాత్రలు లభించిన చోట్లలో అదొకటి. మృతుని అంతస్తుకూ ఈ పాత్రకూ మధ్య సంబంధం ఉందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక్కడ కళాచరిత్రకారుడు వూ హుంగ్ 1995లో ప్రచురించిన గ్రంథంలో చేసిన ఒక పరిశీలన ముఖ్యమైనది. సాధారణ పనిముట్టు ఆకారాన్ని నిలిపి ఉంచి, దాని ఉపయోగాన్ని తొలగించి, ఆ స్థానంలో అపారమైన మానవ శ్రమను నింపడం చైనా క్రతు కళకు ఆది లక్షణమని ఆయన భావన. జేడ్ రాతి గొడ్డలి నరకడానికి పనికిరానట్లే గుడ్డు పెంకు పాత్ర నిత్యపానానికి పనికిరాదు. రెండూ తమ యజమాని ఎంత శ్రమను ఆజ్ఞాపించగలడో చూపుతాయి. ఈ దృష్టితో చూస్తే లోంగ్‌షాన్ పాత్ర నిరుపయోగం కావడానికి కారణం పనితనం మితిమీరడమే. దీనిని ‘ఆధిక్యంవల్ల కలిగిన నిరుపయోగం’ అని పిలవవచ్చు.

అయితే నిత్యపానానికి పనికిరాని పాత్ర ఏ పానానికీ పనికిరాదని చెప్పలేము. లోంగ్‌షాన్‌కు ముందున్న దావెన్‌కౌ సంస్కృతి (సుమారు క్రీ.పూ. 4100–2600) సమాధుల్లోనే కాడగల పానపాత్రలు పదుల సంఖ్యలో కనిపిస్తాయి. ఒక్క మృతునికి అన్ని పాత్రలు అవసరం ఉండవు. అంత్యక్రియల సమయంలో బంధువులు, అతిథులు కలిసి తాగి ఆ పాత్రలను సమాధిలో ఉంచి ఉంటారని ఆన్ అండర్‌హిల్ వంటి పురావస్తు పండితులు వివరించారు. లియాంగ్‌చెంగ్‌జెన్ అనే లోంగ్‌షాన్ కాలపు స్థలంలోని పాత్రల అవశేషాలను రసాయనికంగా పరీక్షించినప్పుడు బియ్యం, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన పానీయపు జాడలు కనిపించాయి. ఈ ఫలితం 2005లో వెలువడింది. పానం ఆ సమాజంలో సామూహిక క్రతువులో భాగమై ఉండవచ్చునన్న భావానికి ఇది బలం చేకూరుస్తుంది. కాబట్టి గుడ్డు పెంకు పాత్రను ఒక్కసారైనా బతికినవారి పెదవులు తాకి ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము.

తావోసీ పళ్ళెం

దాదాపు అదే కాలంలో, పడమటి వైపున షాన్‌షీ రాష్ట్రంలోని తావోసీలో మరొక పద్ధతి కనిపిస్తుంది. 1978 నుంచి జరిగిన తవ్వకాల్లో అక్కడ విశాలమైన శ్మశానం బయటపడింది. వేయికి పైగా సమాధుల్లో అత్యధిక భాగం ఏ వస్తువూ లేనివి, లేదా ఒకటి రెండు వస్తువులు మాత్రమే ఉన్నవి. వేళ్ళమీద లెక్కించదగిన కొన్ని పెద్ద సమాధుల్లో మాత్రం మొసలి చర్మం బిగించిన డోళ్ళు, వేలాడదీసి మోగించే రాతి ఫలకాలు, రంగులద్దిన కొయ్య సామగ్రి, మట్టిపాత్రలు ఉన్నాయి. ఆ మట్టిపాత్రల్లో లోపలివైపు చుట్ట చుట్టుకున్న డ్రాగన్ బొమ్మ గల పళ్ళెం ప్రసిద్ధమైనది. అది పెద్ద సమాధికి ఒకటి చొప్పున మాత్రమే దొరికింది.

ఈ పళ్ళెంపై రంగులు కాల్చిన తరువాత వేసినవి. కాల్చకముందు వేసిన రంగు మట్టితో కలిసి గట్టిపడుతుంది. తరువాత వేసినది పైపైన అంటుకొని ఉంటుంది కనుక నీరు తగిలినా, చేయి రాసుకున్నా రాలిపోతుంది. తావోసీ కుమ్మరులకు ఈ సంగతి తెలియకపోవడం అసంభవం. పళ్ళెంలో ఏదైనా వడ్డిస్తే మొదట చెరిగేది దాని నడుమ ఉన్న డ్రాగనే. అంటే బొమ్మ నిలవాలంటే పళ్ళెం వాడకూడదు. ఇక్కడ నిరుపయోగం పల్చదనంవల్ల కలిగినది కాదు, చూడడానికి వాడుకను బలి ఇవ్వడంవల్ల కలిగినది. లోంగ్‌షాన్ పానపాత్ర చేతికి సంబంధించినదైతే తావోసీ పళ్ళెం కంటికి సంబంధించినది. అయినా రెండింటిలోనూ సమాజం తన దగ్గర ఉన్న శ్రేష్ఠమైన నైపుణ్యాన్నే మృతునికి ఇచ్చింది. ఈ సామ్యాన్ని గుర్తుంచుకోవడం అవసరం. తరువాతి కాలంలో మారినది ఇదే.

కంచు వచ్చిన తరువాత

క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో కంచు క్రతుపాత్రలు రంగంలోకి వచ్చాయి. ఎర్‌లిటౌ (సుమారు క్రీ.పూ. 1900–1500)లో కనిపించే తొలి కంచు మద్యపాత్రల ఆకారాలకు మట్టిపాత్రలే మాతృకలు. కాని షాంగ్ వంశపు చివరి రాజధాని అన్‌యాంగ్ నాటికి స్థానాలు తారుమారయ్యాయి. 1976లో తవ్విన రాణి ఫూ హావ్ సమాధిలో 468 కంచు వస్తువులు, 755 జేడ్ వస్తువులు ఉండగా మట్టి వస్తువులు 11 మాత్రమే. అదే అన్‌యాంగ్‌లో తెల్లని కయోలిన్ మట్టితో, కంచు పాత్రలమీది నగిషీని యథాతథంగా చెక్కి చేసిన అరుదైన పాత్రలు కూడా లభించాయి. అంతకుముందు కంచు మట్టిని అనుకరించింది. ఇప్పుడు మట్టి కంచును అనుకరించడం మొదలుపెట్టింది.

ఈ పరిణామాన్ని మట్టి ఓటమిగా మాత్రమే చూడడం సరికాదు. చైనా కంచు పాత్రలను మట్టితో చేసిన అచ్చు ముక్కలను కూర్చి పోతపోశారు. కంచుపై కనిపించే ప్రతి గీతా అంతకుముందు మట్టిలో తీర్చినదే. మట్టి గౌరవం కోల్పోయినా దాని పనితనం కంచులో దాగి కొనసాగింది.

జౌ వంశకాలంలో కంచు పాత్రల సంఖ్య హోదాకు చిహ్నమైంది. మూడు కాళ్ళ ‘డింగ్’ పాత్రలు ఎన్ని ఉంటే అంత పెద్ద అంతస్తు. క్రీ.పూ. 5–3 శతాబ్దాల నాటి యుద్ధరాజ్యాల కాలానికి వచ్చేసరికి ఇదే పాత్రల సముదాయాన్ని బూడిదరంగు మట్టితో చేసి సమాధుల్లో ఉంచడం విస్తరించింది. కంచు కొనలేనివారు మట్టితో సరిపెట్టుకున్నారని చెప్పడం కొంతవరకు నిజమే. కాని ఆ ఒక్క కారణంతో అన్ని ఉదాహరణలనూ వివరించలేము. యాన్ రాజ్య రాజధానిలోని 16వ సంఖ్య సమాధి చాలా పెద్దది. అందులో డింగ్ పాత్రలతోపాటు గంటల వరుసలు సైతం మట్టితో చేసి ఉంచారు. ఆ గంటలు సంగీతానికి పనికిరావు. అంతటి సమాధి కట్టించగలిగినవారిని పేదలని అనలేము.

జోంగ్‌షాన్ రాజు ఛువో సమాధి మరింత స్పష్టమైన సాక్ష్యం. క్రీ.పూ. 4వ శతాబ్ది చివరి కాలానికి చెందిన ఈ సమాధిని 1974–78 మధ్య హెబే రాష్ట్రంలో తవ్వారు. అందులో దీర్ఘ శాసనాలు గల కంచు పాత్రలూ ఉన్నాయి, మెరుగుపెట్టిన నల్లని మట్టిపాత్రలూ ఉన్నాయి. ఒకే రాజుకు, ఒకే సమాధిలో, రెండు రకాల పాత్రలు అవసరమయ్యాయి. ఆ రెండింటికీ తేడా ధరలో కాక ప్రయోజనంలో ఉన్నదని దీనివల్ల గ్రహించవచ్చు. ఆ తేడాను అదే యుగపు ఆలోచనాపరులు మాటల్లో పెట్టారు.

గ్రంథాలు చెప్పినది

‘లీజీ’ పశ్చిమ హాన్ కాలంలో సంకలితమైంది. అందులోని సామగ్రిలో కొంత భాగం యుద్ధరాజ్యాల కాలం నాటిది. ఈ గ్రంథంలోని ‘టాన్ గోంగ్’ అధ్యాయం సమాధి వస్తువులకు ‘మింగ్‌ఛి’ అనే పేరును వివరిస్తుంది. దీనిని ప్రకాశపాత్ర లేదా ఆత్మలకు సంబంధించిన పాత్ర అని అర్థం చేసుకోవచ్చు. కన్ఫ్యూషియస్‌కు ఆపాదించిన ఆ వాదం సారాంశం ఇది: చనిపోయినవారిని పూర్తిగా లేనివారుగా చూడడం దయలేని పని, బతికి ఉన్నట్లే చూడడం వివేకం లేని పని. అందువల్ల వారికి ఇచ్చే వస్తువులు చూడడానికి వస్తువుల్లాగే ఉండాలి, వాడుకకు మాత్రం అసంపూర్ణంగా ఉండాలి. మట్టిపాత్ర సరిగా పనిచేయకూడదు, తీగవాద్యానికి శ్రుతి కుదరకూడదు, గంటలను వేలాడదీసే చట్రం ఉండకూడదు. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన షున్‌జి కూడా ఆచారాలపై రాసిన ప్రకరణంలో ఇదే భావాన్ని సమర్థించాడు. ఆయన దృష్టిలో అంత్యక్రియ అనేది బతికినవారి దుఃఖానికి ఒక రూపం ఇచ్చే ప్రక్రియ. రూపం ఉండి ఉపయోగం లేని వస్తువు ఆ ప్రక్రియకు తగిన సాధనం.

ఈ వివరణ నిరుపయోగాన్ని ‘లోపం’గా నిర్వచిస్తున్నది. పాత్రలో ఏదో ఒకటి కావాలనే తక్కువ చేయాలి. యాన్ రాజ్యపు మట్టి గంటలు, జోంగ్‌షాన్ నల్ల పాత్రలు ఈ నిర్వచనంలో చక్కగా ఇముడుతాయి. లోంగ్‌షాన్ పానపాత్రలో మాత్రం తక్కువ చేసినది ఏదీ లేదు.

పైగా ఈ సిద్ధాంతం ఆ కాలంలోనే సర్వసమ్మతం కాదు. అదే అధ్యాయంలో ఒక సంవాదం ఉంది. షియా వారు మింగ్‌ఛి వాడారు, మృతులకు తెలివి ఉండదని ప్రజలకు తెలియజేయడానికి. షాంగ్ వారు ‘జీఛి’ అనే నిజమైన ఆరాధనపాత్రలు వాడారు, మృతులకు తెలివి ఉంటుందని తెలియజేయడానికి. జౌ వారు రెండూ వాడారు, సందేహాన్ని తెలియజేయడానికి అని ఒకరు ప్రతిపాదిస్తారు. కన్ఫ్యూషియస్ శిష్యుడు జెంగ్‌జి దీనిని అంగీకరించడు. ఒక రకం పాత్ర ఆత్మలకోసం, మరొకటి మనుషులకోసం. అంతేకాని ప్రాచీనులు తమ తల్లిదండ్రులకు తెలివి లేదని ఎలా అనుకోగలరు అన్నది ఆయన ఆక్షేపణ. ఆచారం ముందు ఉండి, దాని అర్థం గురించి తరువాత వాదించుకుంటున్నారని ఈ సంవాదం తెలుపుతున్నది. తమ కళ్ళముందున్న ఆచారానికే ఒక అర్థం నిర్ణయించలేకపోయిన గ్రంథాన్ని, అంతకు రెండు వేల ఏళ్ళ ముందరి పాత్రలకు నిఘంటువుగా వాడడం న్యాయం కాదు.

ఆకాశ పూజలో సాదా మట్టి

క్రతుపాత్రల చరిత్రలో మూడవ ధోరణి కూడా ఉంది. ‘లీజీ’లోని మరొక అధ్యాయం ఆకాశానికి చేసే మహాపూజలో మట్టిపాత్రలు, సొరకాయ బుర్రలు వాడాలని, అవి భూమ్యాకాశాల సహజ స్వభావానికి తగినవని వివరిస్తుంది. కంచు అందుబాటులో ఉన్న కాలంలో, అత్యున్నతమైన పూజకు అత్యంత సాదా వస్తువును ఎంచుకోవడం ఇక్కడి విశేషం. ఈ పాత్ర వాడుకకు పనికివస్తుంది. దీనిలో ఆధిక్యం లేదు, లోపం లేదు. అలంకారాన్ని వద్దనుకోవడమే దీని గౌరవం. మట్టికి కంచు కన్నా ముందరి కాలపు స్మృతి ఉంది కాబట్టి ఆదిమ సరళత్వానికి అది ప్రతీక కాగలిగింది.

ఈ ధోరణి ప్రాచీనకాలంతో ఆగిపోలేదు. మింగ్ వంశ స్థాపకుడైన హోంగ్‌వూ చక్రవర్తి 1369లో ఆరాధనపాత్రలన్నీ పింగాణీతో ఉండాలని నిర్ణయించాడు. 1530లో జియాజింగ్ చక్రవర్తి కాలంలో ఆకాశానికి నీలం, భూమికి పసుపు, సూర్యునికి ఎరుపు, చంద్రునికి తెలుపు అని పాత్రల రంగులు నిర్ణయమయ్యాయి. కాల్చిన మట్టి మళ్ళీ రాజపూజలో అగ్రస్థానానికి చేరింది.

ముగింపు

పై పరిశీలనవల్ల ప్రాచీన చైనా క్రతు మృణ్మయాలు వాడుకనుంచి తొలగిన తీరు ఒకటి కాదని తేలుతున్నది. లోంగ్‌షాన్, తావోసీ పాత్రల్లో పనితనం వాడుకను మించిపోయింది. యుద్ధరాజ్యాల కాలపు మింగ్‌ఛిలో వాడుకను ఉద్దేశపూర్వకంగా తగ్గించారు. ఆకాశ పూజాపాత్రలో వాడుక నిలిచి ఉండగా అలంకారం తొలగింది. మొదటిది మృతుని అంతస్తును చాటితే, రెండవది బతికినవారికీ చనిపోయినవారికీ మధ్య గీత గీసింది. మూడవది మనిషి కల్పనకు హద్దు చెప్పింది.

ఈ భేదాన్ని గుర్తించకపోతే రెండు నష్టాలు కలుగుతాయి. గ్రంథం లేని కాలపు కుమ్మరి చేతికి గ్రంథకాలపు తాత్త్వికుని ఉద్దేశాన్ని అంటగట్టడం మొదటిది. గ్రంథంలోని వాదోపవాదాలను చెరిపి దానిని ఏకకంఠమైన శాసనంగా చదవడం రెండవది. గ్రంథం తన కాలపు సమాధికి మంచి సాక్షి. అంతకు పూర్వపు సమాధి విషయంలో పాత్ర మందం, రంగు వేసిన దశ, లోపల మిగిలిన పానీయపు జాడ, అది దొరికిన చోటు ఇవే సాక్షులు. చెంగ్‌జీయా దిబ్బలో దొరికిన నల్లని పెంకులు ఒకనాడు ఒక నాగరికత మూలాలపై ఉన్న అభిప్రాయాన్ని మార్చగలిగాయి. గ్రంథాలు మౌనం వహించిన చోట వాటి సాక్ష్యానికే ముందు చెవి ఒగ్గడం సాహిత్య పరిశోధకులకూ అవసరమే.